ఊరి సంఘానికి ఏ చట్టం సరిపోతుంది? శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల చిన్న సంఘాలకు సమగ్ర మార్గదర్శి

ఉద్దానంలో పదిహేను మంది జీడి రైతులు పిక్కలు ఒకేచోట పోగేసి అమ్ముకోవాలనుకున్నారనుకోండి. తేలినీలాపురం పక్కన ఇంకో పదిహేను మంది కుర్రాళ్లు విడిదికొచ్చే పక్షుల్ని కాపాడాలనుకున్నారు. గజపతినగరం దగ్గర పదిహేను మంది ఆడవాళ్లు నెలనెలా పొదుపు చేసి తమలో తామే అప్పులిచ్చుకుంటున్నారు. ముగ్గురికీ ఊళ్లో దొరికే సలహా ఒకటే: ‘సొసైటీ చేయించేయండి.’ ఆ సలహా పక్షుల సంఘానికి సరిపోతుంది. జీడి రైతులకు ఏడాది తిరక్కుండానే ఇబ్బంది తెస్తుంది. పొదుపు గుంపుకైతే మొదటిరోజు నుంచే తప్పు దారి.

ముగ్గురి పనులూ వేరే కదా అనిపిస్తుంది గానీ, చట్టం చూసేది పనిని కాదు. ఏడాది చివర మిగిలిన డబ్బు ఎవరిదన్నదే చూస్తుంది. చట్టాల పేర్లు, ఫారాల నంబర్లు అన్నీ దాని తరవాతే.

మొదటి మెట్టు: నాలుగు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు

అందరూ కూర్చుని ఒక తెల్లకాగితం మీద ఈ నాలుగింటికీ జవాబులు రాయండి. నోటిమాటగా ఒప్పుకున్నది రాసేసరికి మారిపోతుంది. ఆ తేడాలేవో ఇప్పుడే బయటపడితే మంచిది.

1. డబ్బు మిగిలితే సభ్యులు పంచుకుంటారా, లేక మళ్లీ ఊరి పనికే వాడాలా?
2. డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? సభ్యుల చందా, బయటివాళ్ల విరాళం, సరుకు అమ్మకం, బ్యాంకు అప్పు, కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) సొమ్ము, విదేశాల్లో ఉన్న మనవాళ్లు. ఏది ఎంత వస్తుందో అంచనా వేసి రాయండి.
3. సంఘం పేరు మీద భూమో భవనమో ఉండాలా?
4. ఐదేళ్ల తరవాత పగ్గాలు ఎవరి చేతిలో ఉండాలి? ఎన్నికై వచ్చినవాళ్ల చేతిలోనా, ఇప్పుడు మొదలుపెడుతున్నవాళ్ల చేతిలోనేనా?

నాలుగో ప్రశ్నకు మొహమాటం లేకుండా జవాబు చెప్పండి. ‘ఊరందరిదీ’ అని బోర్డు రాయించి, లోపల మాత్రం పెత్తనం నలుగురిదే ఉండాలనుకునే సంఘాలే ఎక్కువగా కోర్టుకెక్కుతాయి. నలుగురి చేతిలోనే ఉంచాలనుకోవడం తప్పేమీ కాదు, దానికి ట్రస్టు ఉంది. సొసైటీ పెట్టి ఎన్నికలు జరపకపోవడమే తప్పు.

రెండో మెట్టు: అసలు రిజిస్ట్రేషన్ ఇప్పుడే కావాలా?

అమ్మవారి పండగ కమిటీ, ఒక్కసారి చేసే చెరువు పూడికతీత, పదో తరగతి పిల్లలకు మూడు నెలల సాయంత్రం క్లాసులు. ఇలాంటివాటికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మినిట్స్ పుస్తకం, నంబర్లు వేసిన రసీదు పుస్తకం, పద్దు పుస్తకం ఉంటే సరిపోతుంది. పని అయ్యాక లెక్క రాసి రచ్చబండ దగ్గరో సచివాలయం గోడ మీదో అంటించండి.

కానీ డబ్బు ఒకరి సొంత ఖాతాలో, ఒకరి ఫోన్ పే నంబరుకు చేరుతుంటే మాత్రం జాగ్రత్త. తిత్లీ లాంటి తుపాను వచ్చిన వారంలో సాయం ఒక్కసారిగా వచ్చి పడుతుంది. పన్ను శాఖ దృష్టిలో అది ఆ ఖాతాదారు సొమ్ము. సేవింగ్స్ ఖాతాలో ఏడాదికి మొత్తం 10 లక్షల రూపాయలు, ఆపైన నగదు జమైతే బ్యాంకు ఆ వివరం ఆదాయపు పన్ను శాఖకు పంపుతుంది. ఖాతాదారు చనిపోతే ఆ డబ్బు వారసులకు వెళ్తుంది. సంఘం వాళ్లు ‘అది మాది’ అని తేల్చుకోవడానికి చాలా తిరగాల్సి వస్తుంది.

మధ్యేమార్గం ఒకటుంది, చాలామందికి తెలీదు. రిజిస్టర్ కాని సంఘం కూడా తన పేరు మీద పాన్ తీసుకుని బ్యాంకు ఖాతా తెరవొచ్చు. కార్యవర్గ తీర్మానం, లావాదేవీలు నడిపేవాళ్లకు ఇచ్చిన అధికార పత్రం, వాళ్ల గుర్తింపు పత్రాలు కావాలి. రిజర్వు బ్యాంకు కేవైసీ నిబంధనల్లో దీనికి చోటుంది. కొన్ని శాఖలు ‘రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ లేనిదే కుదరదు’ అంటాయి. అప్పుడు ఇంకో బ్యాంకుకు వెళ్లడం వాదన కంటే త్వరగా తేలుతుంది.

పొదుపు సంఘం సంగతి ఇంకా సులువు. పది నుంచి ఇరవై మంది ఉన్న స్వయం సహాయక సంఘానికి రిజిస్ట్రేషనే అక్కర్లేదు. పొదుపు ఖాతా తెరిచేటప్పుడు ఆఫీసు బేరర్ల కేవైసీ చాలు, సభ్యులందరిదీ అడగనక్కర్లేదు. 2000లో ఆడవాళ్ల పొదుపు సంఘాలను కూడగట్టిన వెలుగు పథకం ఉమ్మడి రాష్ట్రంలో ముందుగా మొదలైన ఆరు జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. అందుకే ఇక్కడ గ్రామ సంఘం, మండల సమాఖ్య అంటే ప్రతి ఊళ్లోనూ తెలుసు. పొదుపు, అప్పుల వరకే మీ పని అయితే కొత్తగా ఏదీ పెట్టకుండా ఆ చట్రంలో చేరడమే మేలు.

మూడో మెట్టు: ఉన్న దారులు

సొసైటీ. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏర్పడుతుంది. కనీసం ఏడుగురు కావాలి. కళలు, సేవ, చేతివృత్తులు, మతం, క్రీడలు, సాహిత్యం, విజ్ఞానం, ఏదైనా ప్రజోపయోగం దీని పరిధిలోకి వస్తాయి. తప్పెటగుళ్ల దళం, గ్రంథాలయం, పక్షుల సంరక్షణ, కిడ్నీ రోగుల సహాయ సంఘం, కాలనీ సంక్షేమ సంఘం లాంటివాటికి ఇదే తగినది. రిజిస్ట్రేషన్ల శాఖలోని జిల్లా రిజిస్ట్రారే సొసైటీల రిజిస్ట్రారు కూడా. శ్రీకాకుళం, విజయనగరం రెండు చోట్లా ఆ కార్యాలయం ఉంది. మిగిలిన డబ్బు సభ్యులు పంచుకోకూడదు. సంఘం మూసేసినా ఆస్తి సభ్యుల ఇళ్లకు వెళ్లదు.

మ్యాక్స్. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం. వేర్వేరు కుటుంబాలకు చెందిన కనీసం పది మంది ఉండాలి. ఒకే ఇంటి అన్నదమ్ముల్ని, భార్యాభర్తల్ని వేర్వేరుగా లెక్కపెట్టి పది చూపిస్తే దరఖాస్తు తిరిగొస్తుంది. దీన్ని జిల్లా సహకార అధికారి దగ్గర రిజిస్టర్ చేయించాలి. ప్రభుత్వ వాటాధనం ఉండదు కనుక ప్రభుత్వ పెత్తనమూ తక్కువే. ఎన్నికలు, ఆడిట్, సిబ్బంది నియామకం సంఘమే చూసుకుంటుంది. సభ్యులు వాటాధనం కడతారు, సంఘం సేవలు ఎంత వాడుకుంటే ఆ దామాషాలో మిగులు పొందొచ్చు. మండల సమాఖ్యలు ఈ చట్టం కింద నడుస్తున్నవే. పొదుపు, అప్పు, ఉమ్మడి కొనుగోలు, ఉమ్మడి అమ్మకం సభ్యుల మధ్యే జరిగేటట్లయితే మా మొదటి సలహా ఇదే.

మ్యాక్స్‌కు ఇబ్బంది స్వేచ్ఛతోనే వస్తుంది. బయట నుంచి వచ్చి తప్పు పట్టేవాళ్లు తక్కువ కనుక లెక్కలు రాసేవాడు నిఖార్సయినవాడు కాకపోతే మూడేళ్ల దాకా ఎవరికీ తెలీదు. నష్టమొస్తే ఎవరు ఎంత భరించాలో కూడా బైలాస్‌లో (సంఘం నియమావళిలో) ముందే రాసుకోవాలి. చాలామంది లాభం పేరా రాసి ఊరుకుంటారు.

1964 సహకార చట్టం. ప్రభుత్వ నియంత్రణ ఎక్కువ. అయినా మత్స్యకార సహకార సంఘాలు, చేనేత సంఘాలు దీని కిందే ఉన్నాయి. చెరువులో చేపల లీజు మీ అసలు లక్ష్యమైతే 2001 చట్టం సొసైటీ మీకు ఎందుకూ పనికిరాదు. మత్స్యశాఖ ద్వారా మత్స్యకార సహకార సంఘంలో చేరడమో, కొత్తది పెట్టడమో చేయాలి. అట్లాగే సాగునీటి చెరువుల, కాలవల యాజమాన్యానికి 1997 చట్టం కింద నీటి వినియోగదారుల సంఘాలు వేరే ఉన్నాయి. ఊరి యువజన సంఘం సర్టిఫికెట్ పట్టుకెళ్లి మదుము తాళం అడిగితే ఇవ్వరు.

ట్రస్టు. ఒకరో, ఒక కుటుంబమో డబ్బో స్థలమో ఇచ్చి ఫలానా పనికే వాడాలని కట్టుబాటు చేస్తే ఇది సరిపోతుంది. ట్రస్టు దస్తావేజు రాసి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో రిజిస్టర్ చేయించాలి. సభ్యులుండరు, ధర్మకర్తలే ఉంటారు. ఎన్నికల గొడవ లేదు. దస్తావేజులో సవరణ క్లాజు పెట్టకపోతే తరవాత చిన్న మార్పుకైనా కోర్టు గడప తొక్కాలి. కొత్త ధర్మకర్తను ఎవరు నియమిస్తారో రాయకపోవడం ఇంకో పెద్ద లోపం. ఇద్దరు చనిపోయాక మిగిలిన ఒక్కరి చేతిలో మొత్తం చిక్కుకుపోతుంది.

గుడి, సత్రం. చందాలతో రామమందిరం కట్టి ‘భక్త సంఘం’ పేరుతో సొసైటీ చేయిస్తే దేవదాయ శాఖ పరిధిలోంచి తప్పుకోవచ్చని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. 1987 దేవదాయ చట్టం 43వ సెక్షన్ ప్రకారం ప్రజలందరికీ తెరిచిన హిందూ ధార్మిక సంస్థను, ధర్మాదాయ సంస్థను వేరేగా నమోదు చేయించాలి. హుండీ పెట్టేముందే ఈ విషయం తేల్చుకోండి.

సెక్షన్ 8 కంపెనీ. లాభాపేక్ష లేని కంపెనీ. ఇద్దరితోనే మొదలుపెట్టొచ్చు. ఆడిట్ తప్పనిసరి, టర్నోవరు సున్నా అయినా సరే. ఏటా కంపెనీల రిజిస్ట్రారుకు రెండు ప్రధాన ఫారాలు పంపాలి. ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయల జరిమానా. ఏడాది మరిచిపోతే ఒక ఫారానికే 36,500 అవుతుంది. నలుగురు నిరుద్యోగ యువకులు నడిపే లైబ్రరీకి ఈ భారం ఎందుకు? దీన్ని ఎంచుకోవాలంటే చార్టర్డ్ అకౌంటెంట్‌కు ఏటా ఫీజు కట్టగల స్థోమత ముందు చూసుకోవాలి.

ప్రొడ్యూసర్ కంపెనీ. పది మంది ఉత్పత్తిదారులు లేదా రెండు ఉత్పత్తిదారుల సంస్థలు కలిస్తే చాలు. డైరెక్టర్లు ఐదు నుంచి పదిహేను మంది, పూర్తికాలపు సీఈవో ఒకరు ఉండాలి. కంపెనీ అయినా ఎన్ని వాటాలున్నా ఒక రైతుకు ఒకే ఓటు. కేంద్రం 2020లో మొదలుపెట్టిన 10,000 ఎఫ్‌పీఓల (రైతు ఉత్పత్తిదారుల సంఘాల) పథకంలో మైదాన ప్రాంతంలో కనీసం 300 మంది రైతులు, కొండ ప్రాంతాల్లో 100 మంది ఉండాలన్న నిబంధన ఉంది. రైతు కట్టిన వాటాకు సమానంగా, ఒక్కొక్కరికి 2,000 రూపాయలకు మించకుండా, సంఘానికి గరిష్ఠంగా 15 లక్షల గ్రాంటు అందులో ఉంది. ఆ గ్రాంటు చూసి పదిహేను మంది జీడి రైతులు కంపెనీ పెట్టేస్తే సీఈవో జీతానికే వాటాధనం కరిగిపోతుంది. పదిహేను మందికి మ్యాక్స్ చాలు, మూడు వందల మంది పోగయ్యాక కంపెనీ సంగతి ఆలోచించొచ్చు. విశాఖ డెయిరీ కూడా ముందు సహకార సంఘంగా, తరవాత మ్యాక్స్‌గా ఉండి 2006లో ప్రొడ్యూసర్ కంపెనీ అయింది. పాలు పోసే రైతులు అప్పటికే వేలల్లో ఉన్నారు.

నాలుగో మెట్టు: ఏరుకోవడం

మొదటి మెట్టులో రాసిన కాగితం ముందు పెట్టుకోండి. మిగులు సభ్యులకే అయితే సొసైటీ, ట్రస్టు, సెక్షన్ 8 మూడూ కొట్టేయండి. మ్యాక్స్, 1964 సంఘం, ప్రొడ్యూసర్ కంపెనీ మిగులుతాయి. వాటిలో దేనికి వెళ్లాలో మీ సంఖ్యా సరుకూ చెబుతాయి. మిగులు ఊరికే అయితే సొసైటీయా ట్రస్టా అన్నది నాలుగో ప్రశ్న తేలుస్తుంది. సెక్షన్ 8 పెద్ద సీఎస్ఆర్ సొమ్ము, పలు జిల్లాల పని, జీతాల మీద సిబ్బంది ఉన్నచోటికే.

రెండూ కావాలంటే? ఒక చేతివృత్తి ఊరిని తీసుకోండి. కళాకారులు సరుకు అమ్ముకోవాలి, పిల్లలకు ఆ విద్య ఉచితంగా నేర్పాలి. ఒకే సంఘంలో రెండూ కుక్కితే అమ్మకం లాభం శిక్షణ ఖాతాలో, విరాళం ముడిసరుకు ఖాతాలో కలిసిపోతాయి. ఆడిటర్ విడదీయలేడు, దాత నమ్మడు. అమ్మకానికి మ్యాక్స్, శిక్షణకు సొసైటీ విడివిడిగా ఉండాలి. ఖాతాలు వేరు, మినిట్స్ పుస్తకాలు వేరు, కోశాధికారులు కూడా వేర్వేరు మనుషులైతే మరీ మంచిది. అయితే రెండో దాన్ని మొదటిది కుదురుకున్న ఏడాదికి పెట్టండి.

ఇక్కడే రెండు హెచ్చరికలు. సంఘం పేరుతో చీటీలు నడపకండి. 1982 చిట్‌ఫండ్ చట్టం కింద ముందస్తు అనుమతి లేకుండా చీటీ నేరం. సభ్యులు కానివాళ్ల దగ్గర వడ్డీ ఆశ చూపి డిపాజిట్లు తీసుకుంటే 2019 నాటి నియంత్రణ లేని డిపాజిట్ల నిషేధ చట్టం కింద జైలుదాకా పోతుంది. ‘మన ఊరివాళ్లే కదా’ అన్నది అక్కడ చెల్లదు.

ఐదో మెట్టు: సొసైటీ రిజిస్ట్రేషన్, అంచెలంచెలుగా

ఎక్కువమంది చివరికి వచ్చేది ఇక్కడికే కనుక దీన్ని వివరంగా చెబుతాం.

ఏడుగురు చాలన్నారు కదా అని సరిగ్గా ఏడుగురితో వెళ్లకండి. ఒకరు చెన్నై వలస వెళ్లినా, ఒకరు అలిగినా సంఖ్య కింద పడుతుంది. తొమ్మిది నుంచి పదకొండు మందితో మొదలుపెట్టండి. అందులో ఆడవాళ్లు కనీసం మూడోవంతు ఉంటే సమావేశాలు జరుగుతాయి, పుస్తకాలు నిలుస్తాయి. ఇది చట్టం చెప్పింది కాదు, మేం చెప్పేది.

పేరు మూడు రకాలుగా అనుకుని వెళ్లండి. జిల్లాలో అదే పేరో, దగ్గరి పేరో ఉంటే తిరస్కరిస్తారు. 1950 నాటి చిహ్నాలు, పేర్ల చట్టం వల్ల జాతీయ, ప్రభుత్వ సంస్థలను తలపించే పేర్లు కుదరవు. పేరు తెలుగులో ఖరారు కాగానే ఇంగ్లీషు అక్షరాల్లో దాని వర్ణక్రమం కూడా ఒక్కటే తేల్చి బైలాస్ మొదటి పేజీలోనే రాయించండి. సర్టిఫికెట్ మీద ఒక స్పెల్లింగు, పాన్ మీద ఇంకోటి, బ్యాంకు పుస్తకం మీద మూడోది పడ్డాక సరిచేయించుకోవడానికి నెలలు పడుతుంది. సభ్యుల పేర్లలోనూ ఇదే గొడవ. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరం, పాన్‌లో పూర్తిపేరు. మెమొరాండంలో (సంఘం పేరు, లక్ష్యాలు రాసే పత్రంలో) ఆధార్ ప్రకారం రాసి, పాన్‌లోని పేరును కూడా పక్కనే పెట్టండి.

తరవాత మొదటి సమావేశం. సంఘం ఏర్పాటు, పేరు, చిరునామా, కార్యవర్గ ఎన్నిక, రిజిస్ట్రేషన్ పనులు ఎవరు చూస్తారన్నది తీర్మానాలుగా రాసి అందరూ సంతకాలు పెట్టాలి. తేదీ, చోటు మరవొద్దు.

ఇప్పుడు మెమొరాండం, బైలాస్. జెరాక్సు షాపు దగ్గర దొరికే నమూనా తెచ్చి పేరు మాత్రం మార్చడం ఇక్కడి అలవాటు. ఆ నమూనాలో వృద్ధాశ్రమం, అనాథాశ్రమం, కంప్యూటర్ శిక్షణ అన్నీ లక్ష్యాలుగా ఉంటాయి. మీరు చేసేది పక్షుల సంరక్షణ. రేపు పన్ను మినహాయింపు దరఖాస్తులో ‘ఈ లక్ష్యం కింద ఏం చేశారు’ అని అడిగితే చూపడానికేమీ ఉండదు. ఐదారు లక్ష్యాలు చాలు. అవి నిజంగా మీరు చేసేవి, మూడేళ్లలో చేయబోయేవి అయి ఉండాలి.

బైలాస్‌లో ఈ కింది అంశాలు మాటకు మాట స్పష్టంగా ఉండాలి:

సభ్యత్వం: చందా ఎంత, ఎప్పటిలోగా, కట్టకపోతే ఎన్ని నెలలకు సభ్యత్వం పోతుంది. చేరిన ఆరు నెలల తరవాతే ఓటు హక్కు అని పెట్టండి. లేకపోతే ఎన్నికల ముందురోజు ఒక వర్గం నలభై మందిని చేర్పిస్తుంది.

సమావేశం: సర్వసభ్య సమావేశానికి 14 రోజుల నోటీసు, కార్యవర్గానికి 7 రోజులు. కోరం (హాజరు కావాల్సిన కనీస సంఖ్య) మూడోవంతు. కోరం లేక వాయిదా పడితే మళ్లీ ఎప్పుడు, అప్పుడు కోరం ఎంత. వాట్సాప్ నోటీసు చెల్లుతుందో లేదో కూడా రాయండి.

కార్యవర్గం: బేసి సంఖ్య, ఏడు లేదా తొమ్మిది. కాలపరిమితి రెండు మూడేళ్లు. మధ్యలో ఖాళీ అయితే ఎలా నింపాలి. గడువు దాటినా ఎన్నిక జరగకపోతే ఎవరు జరిపించాలి. ఆఖరిది నమూనాల్లో ఉండదు, గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి.

డబ్బు: అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారిలో ఏ ఇద్దరైనా సంతకం చేయాలి, అందులో కోశాధికారి ఒకరై ఉండాలి. ఒకే కుటుంబం నుంచి ఇద్దరు సంతకందారులు వద్దు. చేతిలో నగదు 2,000 రూపాయలకు మించకూడదు.

మూసివేత: అప్పులు తీరాక మిగిలిన ఆస్తి ఇలాంటి లక్ష్యాలే ఉన్న మరో సంస్థకు వెళ్లాలి, సభ్యులకు పంచకూడదు. ఈ వాక్యం, లాభం సభ్యులు పంచుకోరన్న వాక్యం లేకపోతే పన్ను మినహాయింపు దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది.

దస్తావేజులకు జత చేసేవి: సభ్యుల ఆధార్ ప్రతులు, కార్యవర్గం జాబితా వయసు, వృత్తి, చిరునామాతో, కార్యాలయం ఇంటిపన్ను రసీదో కరెంటు బిల్లో, ఇల్లు ఇంకొకరిదైతే యజమాని నిరభ్యంతర పత్రం, సాక్షుల సంతకాలు. రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైటులో దరఖాస్తు నింపి చలానా కట్టాలి. రుసుము ఆ రోజు ఎంత చూపితే అంతే. మధ్యవర్తి చెప్పే మొత్తంలో రుసుమెంత, అతని కూలెంత అని విడిగా అడగండి. ప్రతి పేజీ మీద సంతకాలుండాలి. ఒక్క పేజీ వదిలేస్తే మొత్తం వెనక్కొస్తుంది.

కార్యాలయ చిరునామాగా అధ్యక్షుడి ఇల్లు ఇస్తే, అధ్యక్షుడు మారాక నోటీసులు పాత ఇంటికే వెళ్తుంటాయి. పంచాయతీ భవనమో, బడి గదో వాడుకోవాలంటే రాతపూర్వక అనుమతి తీసుకోండి.

ఆరో మెట్టు: సర్టిఫికెట్ వచ్చిన తరవాత

ముందు సంఘం పేరుతో పాన్. ట్రస్టు పాన్‌లో నాలుగో అక్షరం టి, వ్యక్తుల సంఘమైతే ఏ, కంపెనీ అయితే సి. దరఖాస్తులో వర్గం తప్పు పెడితే తరవాత పన్ను మినహాయింపు దరఖాస్తు దగ్గర చిక్కు. తరవాత బ్యాంకు ఖాతా: సర్టిఫికెట్, బైలాస్, పాన్, ఖాతా తెరవాలన్న తీర్మానం, సంతకందారుల కేవైసీ.

ఏటా సర్వసభ్య సమావేశం జరిగిన 15 రోజుల్లోగా కార్యవర్గ సభ్యుల జాబితా జిల్లా రిజిస్ట్రారుకు దాఖలు చేయాలి. మన సంఘాల్లో సగం జబ్బులకు మూలం ఇది చేయకపోవడమే. నాలుగేళ్లు జాబితా ఇవ్వని సంఘంలో కొత్త కార్యవర్గం ఎన్నికైందనుకోండి. రిజిస్ట్రారు రికార్డులో పాత అధ్యక్షుడే ఉంటాడు, బ్యాంకు పాత సంతకాలే అడుగుతుంది, పాతవాళ్లు ఇవ్వరు. రెండు వర్గాలూ రెండు జాబితాలు పట్టుకొస్తే ఎవరిది నిజమో రిజిస్ట్రారు తేల్చడు. 2001 చట్టం 23వ సెక్షన్ ప్రకారం అది మధ్యవర్తిత్వానికో (ఆర్బిట్రేషన్) జిల్లా కోర్టుకో వెళ్లాలి. ఈలోగా ఖాతా స్తంభించిపోతుంది. జాబితా దాఖలు చేసినట్టు ముద్ర వేసిన ప్రతిని తెచ్చి ఫైల్లో పెట్టుకోండి.

పుస్తకాలు: సభ్యుల రిజిస్టరు, మినిట్స్, నగదు పుస్తకం, లెడ్జరు, రసీదులు, వోచర్లు, ఆస్తుల రిజిస్టరు. మినిట్స్ పుస్తకం పేజీలకు ముందే నంబర్లు వేయండి. మధ్యలో ఖాళీ వదలకండి, ‘తరవాత రాద్దాం’ అని సంతకాలు ముందే తీసుకోవడం మానుకోండి.

ఏడో మెట్టు: పన్ను, దాతలు

సొసైటీ సర్టిఫికెట్ ఉంటే పన్ను ఉండదని చాలామంది అనుకుంటారు. రిజిస్ట్రేషను వేరు, పన్ను మినహాయింపు వేరు. సంఘం ఆదాయానికి మినహాయింపు కావాలంటే అందరూ 12ఏ అని పిలిచే నమోదు, దాతకు మినహాయింపు రావాలంటే 80జి కావాలి. కొత్త ఆదాయపు పన్ను చట్టం, 2025, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కనుక సెక్షన్ నంబర్లు, ఫారాల పేర్లు మారతాయి. పాత నంబరుతో ఉన్న ఫారం ఎవరైనా ఇస్తే తీసుకోకండి. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇచ్చిన విరాళానికి 80జి మినహాయింపు దాతకు రాదు. ఈ సంగతి రసీదు పుస్తకం మీదే అచ్చు వేయించండి.

కుల సంఘాలకు ఒక మాట. ఒకే కులానికో మతానికో ప్రయోజనం అని లక్ష్యాల్లో రాసుకున్న ధార్మిక సంస్థకు ఈ మినహాయింపు రాదు. ఎస్సీ, ఎస్టీ, వెనకబడిన తరగతులు, మహిళలు, పిల్లల కోసమైతే ఆ అడ్డు లేదు.

సీఎస్ఆర్ సొమ్ముకు సాధారణంగా 12ఏ, 80జి రెండూ, ఆ రంగంలో మూడేళ్ల పని, కంపెనీల వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 నమోదు కావాలి. నిన్న పెట్టిన సంఘానికి రేపు కంపెనీ డబ్బు వస్తుందని చెప్పేవాణ్ని నమ్మకండి. విదేశాల్లో ఉన్న మనూరివాళ్ల సంగతి ఇంకా జాగ్రత్త. భారత పౌరుడిగానే ఉన్న ప్రవాసి తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న వ్యక్తి వంద రూపాయలు పంపినా విదేశీ విరాళమే, ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి లేకుండా తీసుకుంటే నేరం. ఆ నమోదుకు మామూలుగా మూడేళ్ల ఉనికి, ఆ మూడేళ్లలో 15 లక్షల ఖర్చు చూపాలి. ఎవరు ఏ పాస్‌పోర్టు మీద ఉన్నారో అడిగి రాసుకున్నాకే ఖాతా నంబరు ఇవ్వండి.

భూమి ఉంటే

ఊరిపెద్ద ‘ఐదు సెంట్లు సంఘానికి ఇచ్చేశా’ అని సభలో ప్రకటిస్తే చప్పట్లు వస్తాయి, హక్కు రాదు. రిజిస్టర్డ్ గిఫ్టు దస్తావేజు కావాలి. దానికి ముందు ఆ భూమి డి-పట్టా (ప్రభుత్వం పేదలకు ఇచ్చినది) కాదని 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో చూడండి. 1977 చట్టం ప్రకారం నిరుపేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమిని మామూలుగా దానంగా కూడా బదిలీ చేయడానికి వీల్లేదు. ఇచ్చినవాళ్ల కొడుకులు రేపు కేసు వేయక్కర్లేదు, ఎమ్మార్వోనే స్వాధీనం చేసుకోవచ్చు.

సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు షెడ్యూల్డ్ గ్రామాల్లో సంగతి పూర్తిగా వేరు. అక్కడ భూ బదలాయింపు నిబంధనల ప్రకారం భూమి గిరిజనులకో, గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికో తప్ప ఇంకెవరికీ బదిలీ కాదు. మైదానం నుంచి వెళ్లిన సేవా సంఘం 2001 చట్టం సర్టిఫికెట్‌తో అక్కడ స్థలం రాయించుకుంటే ఆ దస్తావేజు చెల్లదు. అక్కడ భవనం కావాలంటే స్థానిక గిరిజన సహకార సంఘం పేరు మీదే కట్టండి.

పాత సంఘం పడకేసి ఉంటే

కొత్తది పెట్టేముందు ఊళ్లో పాత సర్టిఫికెట్ ఏమైనా ఉందేమో వెతకండి. పది పదిహేనేళ్ల కింద రిజిస్టరై ఆగిపోయిన యువజన సంఘాలు చాలా ఊళ్లలో ఉన్నాయి. సీఎస్ఆర్ అడిగే మూడేళ్ల పని పాతదానికి ఉండొచ్చు, దాన్ని లేపడం ఒక్కోసారి లాభం. రిజిస్ట్రేషన్ నంబరు, సంవత్సరం పట్టుకుని జిల్లా రిజిస్ట్రారు కార్యాలయంలో ధ్రువీకరించిన ప్రతులకు దరఖాస్తు చేయండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. పాలకొండ వైపు మండలాలు పార్వతీపురం మన్యానికి, రాజాం వైపువి విజయనగరానికి వెళ్లాయి. కాబట్టి ఫైలు ఏ కార్యాలయంలో ఉందో ముందు ఫోన్ చేసి తేల్చుకోండి. ప్రతులు వచ్చాక బ్యాంకులో అప్పులు, పన్ను నోటీసులు, కోర్టు కేసులు ఏమైనా ఉన్నాయేమో చూడండి. ఉంటే దాని జోలికి పోవద్దు, కొత్తదే పెట్టుకోండి. లేకపోతే మిగిలిన పాత సభ్యులకు బైలాస్ ప్రకారం నోటీసిచ్చి, అందిన రుజువులు దాచి, సర్వసభ్య సమావేశం పెట్టి, కొత్త కార్యవర్గాన్ని ఎన్నుకుని, దాఖలు చేయని సంవత్సరాల జాబితాలన్నీ ఆలస్యానికి కారణం రాసిన లేఖతో కలిపి ఒకేసారి ఇవ్వండి. సమావేశం ఫొటోలు, హాజరు సంతకాలు రెండేసి ప్రతులు తీసి పెట్టుకోండి. పాత కోశాధికారి చెక్కుబుక్కు తిరిగివ్వనంటే బ్యాంకులో అడిగేది ఆ కాగితాలే.